భవనం విలువ: సున్నా

బ్యాంకు పంపిన వాల్యుయర్
బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు.
గోడను వేలికణుపుతో రెండుసార్లు తట్టి
పుచ్చకాయ బేరమాడే వాడిలా చెవి ఒగ్గి
ఫారంలో రాసుకున్నాడు:
వయసు ఎనభై ఏడేళ్లు.
భవనం విలువ సున్నా.
విడదీయని నేల వాటా మూడు వందల పన్నెండు అడుగులు,
అప్పు దానికే ఇస్తాం మేడమ్, అన్నాడు.

అంటే నేను కొంటున్నది
రెండంతస్తుల కింద ఎక్కడో ఉన్న
నా కంటికి ఆనని మట్టి.
పైనున్నదంతా కొసరు:
పద్నాలుగు అడుగుల ఎత్తు కప్పు,
బర్మా టేకు దూలాలు,
నడిచి నడిచి మధ్యలో వెలిసిన ఎర్ర గచ్చు,
ఒక గదిలో అన్న మాట
పక్క గదిలో కాసేపు కూర్చుని
తిరిగి రావడం.

పద్దెనిమిదేళ్లు పెరంబూరులో ఒకటిన్నర గది మాది.
తలుపు తీస్తే ఫ్రిజ్ తెరుచుకోదు,
ఫ్రిజ్ తెరిస్తే దామోదరం లోపలికి రాలేడు.
దెబ్బలాడుకుంటే ఇద్దరం ఒకే కిటికీ దగ్గర నిలబడి
చెరో దిక్కూ చూసేవాళ్లం.
అందుకే ఈ ఇంటిని నేను ముందు
టేపుతో కాదు, అలకతో కొలిచాను.
ఈ చివర గదిలో గొణిగితే
ఆ చివర వంటింట్లోకి వినపడుతుందా?
వినపడదు.
అడ్వాన్సు ఇచ్చేశాను.

కింద వీధి నిండా శుభలేఖల కొట్లు.
జిగురు వాసన, బంగారు రంగు పొడి,
ఎవరెవరి పెళ్లిళ్లో కట్టలు కట్టలుగా
చేతిబండ్ల మీద పారిస్ కార్నర్ వైపు పోతుంటాయి.
"వళి! వళి!" అని కూలీలు అరుస్తారు.
దారి లేదని అందరికీ తెలుసు,
అయినా దారి వస్తుంది.
ఆటో రాదు. బీరువా రాదు.
మంచాన్ని విప్పి తాళ్లతో పైకి లాగాలట.
మరి మనిషి పోతే, అనడిగాడు దామోదరం.
మెట్లు వెడల్పే గదా నాయినా, అన్నారు అమ్మే ఆవిడ,
"మా ఆయన సుఖంగానే దిగినారు."

పెరుందేవమ్మ ఆవిడ పేరు.
వీధి గదిలో, తలుపు పైన,
అర్ధచంద్రంలా ఉన్న అద్దానికి నల్లరంగు.
పాడైందేమో, ధర కాస్త తగ్గించమందామని నోరు తెరిచాను.
"యుద్ధంలో పూసినారమ్మే," అన్నారావిడ,
"జపానోళ్ల విమానాలొస్తాయని.
ఊరు ఊరంతా కాలీ. కొట్లన్నిటికీ తాళాలు.
మా మామగారు మాత్రం కదల్లేదంట.
ఇల్లు కొని అయిదేండ్లు, అప్పు తీరలేదు.
బాంబు పడితే ఇల్లు పోతుంది గానీ
బాకీ పోతుందా అన్నారంట.
రంగు పూసి, దాని కిందే చాప పరుచుకొని పడుకొన్నారు.
మళ్లీ గీకేదానికి ఎవురికీ తీరలేదు."

ఎనభై రెండేళ్లు!
ఆ గదిలోనే ఆరు కాన్పులు జరిగాయట.

నా బాకీ ఇరవై ఏళ్లు.
దామోదరం రిటైరయ్యాక కూడా ఏడేళ్ల కంతులుంటాయి.
రిజిస్ట్రార్ ఆఫీసులో యంత్రం
ఆవిడ బొటనవేలిని నాలుగుసార్లు కాదంది.
గీతలు లేవు.
గచ్చు తుడిచే పోయినాయి, అన్నారు గుమాస్తాతో,
ఫిర్యాదులా కాదు, చిరునామా చెప్పినట్టు.
చివరికి నేను ఆ చేయి పట్టుకుని గట్టిగా అదిమితే
యంత్రం ఒప్పుకుంది.

పదకొండు తాళంచెవులు ఇచ్చారు.
తొమ్మిదింటికి తలుపుల్లేవు.
ఉండనీ, అన్నారు.

ఇవాళ రాత్రి స్టూలెక్కి
రూపాయి బిళ్లతో ఆ నలుపును ఒక మూల గీకాను.
గోరంత వెలుగు పడింది.
చంద్రుడిది కాదు, ఎదురు కొట్టు బోర్డుది,
ఆకుపచ్చగా ఆరుతూ వెలుగుతూ.
ఇంకాస్త గీకితే నిద్ర పట్టదు.
దిగిపోయాను.

ఆ చివర వంటింట్లోంచి దామోదరం ఏదో అడుగుతున్నాడు,
ఉప్పు డబ్బా గురించో, నా గురించో.
ఏమిటీ, అని అరిచాను.
ఆ కేక మూడు గదులూ చుట్టి
ముందు నా దగ్గరికే వచ్చింది.