బై నంబరు

డిస్కు నిండిందని ఎర్రగీత చూపెడుతున్నది కంప్యూటరు.
సీటీసీల సెకండ్ హ్యాండ్‌కు కొన్నది, ఎనిమిదేండ్లయింది,
వానకాలమొస్తే దానికి గూడ దమ్మొస్తది.
ఖాళీ చేద్దామని కూసున్న.
విఠల్ ఉప్పుగూడల తొట్టెల ఫంక్షన్‌కు పోయిండు.
నాకు పోబుద్ధి కాలె.

డాక్యుమెంట్స్ అని ఒకటి.
మై డాక్యుమెంట్స్ అని ఇంకోటి.
రెండిట్లా అవే: కరెంటు బిల్లులు, ఆధార్ స్కాను,
తలకిందులు తీసిన పాస్‌బుక్కు ఫోటో,
స్వప్నిక టెన్త్ మెమో.
ఇంత చిన్న డబ్బాల ఇంత దుబారా ఎందుకని
ఒకదాంట్లవన్నీ పట్టి డిలీట్ కొట్టిన.
రెండోది తెరిస్తే
అది గూడ బోసిగున్నది.

ఇలియాస్‌కు ఫోన్ చేసిన, చెయ్యి వణుకుతుంటే.
వెనకాల స్క్రూలు ఊడదీసే చప్పుడు.
"పహలే చెత్తబుట్ట తెరువుండ్రి మేడం."
బుట్టల ఉన్నయి అన్నీ,
తడిసిన కోడిపిల్లల లెక్క ఒకదాని మీదొకటి.
"ఇల్లు ఒక్కటే మేడం, దర్వాజలు రెండు.
గల్లీ దిక్కుకెల్లి పోయినా, సందు దిక్కుకెల్లి పోయినా
లోపల మంచం అదే.
మంచం తీసేస్తే రెండు దిక్కులా పోయినట్టే గదా."

నవ్వొచ్చింది. వారాసిగూడల మా ఇల్లు గంతే.
సందు తలుపుకాడ పాలాయన, గల్లీ తలుపుకాడ పోస్టాయన,
ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలే,
నేను ఇద్దరాడోళ్ళననుకుంటున్నరేమో.

"మరి డీ డ్రైవుల పర్సనల్ అని ఇంకోటున్నది ఇలియాస్,
అచ్చం నా పర్సనల్ లెక్కనే."
"అది వేరే కేసు. పేరొక్కటే, ఇల్లు వేరు.
పైన పట్టీల అడ్రసు చదువుండ్రి మేడం.
బై తర్వాత ఏమున్నదో, అదే అసలు సంగతి."

నిజమే. మాది బై పద్నాలుగు బై ఏ.
బై బీ వాళ్ళ కొరియర్లు మాకే వస్తయి.
ఒకసారి వాళ్ళ పత్రిక మాకు అందితే
పెండ్లికి పోయి, బగారా తిని, ఫోటో గూడ దిగొచ్చినం.

అడ్రసు చదివిన.
డీ, విఠల్, పర్సనల్.
ఆయనకొకటి ఉన్నదని నాకు తెల్వదు.
లోపల అన్నీ నావే:
నా పాన్ కార్డు, డిగ్రీ పట్టా, కండ్ల డాక్టరు చీటీ.
నా దాంట్ల ఆయనవి నేను దాచినట్టే.
ఒకరికి తెల్వకుండ ఒకరం, ఇన్నేండ్లు.
వన్ బై టూ చెప్తే
ఇద్దరికీ నిండు కప్పులు వచ్చినట్టు.

సరే, ఒకటి తీసేద్దామని
పక్కపక్కన పెట్టి సరిచూసిన,
పేరు, సైజు, తేదీ.
ఆయన దాంట్ల ఒకటి ఎక్కువున్నది.

రాజీనామా.

నాదే. అయిదేండ్ల కింద
స్కూల్ల కొత్త ప్రిన్సిపాల్ అందరి ముంగట
హాజరు రిజిస్టరు నా మీదికి విసిరిన దినం.
రాత్రి టైపు చేసిన, తెల్లారి తీసేసిన,
చెత్తబుట్ట గూడ ఊడ్చిన.
కాపీ చేసిన టైము చూస్తే
పదకొండు నలభై. నేను పండుకున్నంక.

ఒక్క మాట అనలె అప్పుడు.
పొద్దున డబ్బా కట్టిచ్చి, బండి మీద బస్టాపుల దింపి,
"టైముకు అందుతవా" అన్నడు, గంతే.

మళ్ళ చదివిన.
రెస్పెక్టెడ్ మేడం తర్వాత కామా లేదు.
రెండో పేరాల కోపం ఎంత సాఫుగున్నదో,
ఇప్పుడు రాయమంటే నాతోని కాదు.
నా దగ్గర అసలు లేదు.
ఉన్నది ఇదొక్కటే, దీన్ని నకలు అంటరా?

అవసరపడ్తదని దాచిండా,
భయపడి దాచిండా,
లేకుంటే ఊకెనే, బిల్లులు దాచినట్టు దాచిండా.
అడగొచ్చు.
అడిగితే నేను చూసిన సంగతి తెలుస్తది,
నాకు గూడ ఒకటున్నదని తెలుస్తది.

హారన్ వినపడ్డది, సందు దిక్కు.
పాత సినిమాలు నాలుగు తీసేసిన.
ఎర్రగీత కొంచెం జరిగి నీలమైంది.
రెండు ఫోల్డర్లు ఎట్లున్నయో అట్లనే మూసి
గొళ్ళెం తీస్తానికి లేచిన.