ఐదు కిలోల నాలుగొందలు

కర్రపెండలం పిండి తూచే తక్కెడ మీద
బేస్ గిటార్‌ని పడుకోబెట్టాం.
ముల్లు ఊగి ఊగి
ఐదు కిలోల నాలుగొందల దగ్గర ఆగింది.
"కిలో ఎంతకిస్తావు?" అంది కొట్టు బిబియాన్.
కపింగా నవ్వలేదు.
ఎడమ భుజం మీద పట్టీ తొలిచిన గాడిని
వేలితో రుద్దుకుంటూ నిలబడింది.

వెంగే కర్ర. మా అడవిదే.
నీళ్లలో వేస్తే
తేలాలా మునగాలా అని కాసేపు ఆలోచిస్తుంది.
ఉలికి లొంగినట్టే లొంగి
బొటనవేల్లో పేడు దింపుతుంది.
దీన్ని చేసింది నేనే, పద్దెనిమిదేళ్ల కిందట,
ఆమె గురువు మకియేసే కోసం.
బరువుంటేనే నాదం నిలుస్తుందని ఆయన పట్టు.
ఆయనకేం, దున్నపోతు భుజాలు,
పైగా ఎప్పుడూ కుర్చీలో కూర్చునే వాయించేవాడు.
ఆ కుర్చీ సంగతి
ఎవరూ ఆమెకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మతోంగే బారులో రాత్రి పదింటికి ఎక్కితే
దిగేది కోడి కూశాకే.
సెబెన్ అందుకున్నారంటే,
అంటే పాడేవాళ్లు పక్కకి తప్పుకుని
గిటార్లు పరుగు తీసే ఘడియ,
ఇరవై నిమిషాలు, ఒక్కోసారి నలభై,
జనం చెమటలో చేపల్లా మెరుస్తుంటే
ఎవరాగినా బేస్ ఆగకూడదు.
మూడో గంటకి చిటికెన వేలు తిమ్మిరెక్కుతుందట.
తెల్లారి స్నానంలో
సబ్బు కూడా పట్టు చిక్కదట.

"ఎంత ఉండాలి పపా లుజోలో, సరిగ్గా ఎంత?"
అందరూ అంకే అడుగుతారు.
నాలుగు కిలోల లోపు, అన్నాను.
అని ఊరుకోలేకపోయాను.

గోడకున్న తేలికది తీసి మెళ్లో వేశాను.
మూడు కిలోలు కూడా లేదు.
ఆమె మొహం వెలిగింది.
"ఇప్పుడు రెండు చేతులూ వదిలెయ్."
వదిలింది.
గిటార్ మెడ మెల్లగా నేలకి వాలింది,
పద్దులో తప్పు దొరికిన గుమాస్తాలా.
ఇక రాత్రంతా ఎడమ చెయ్యి
స్వరం మానేసి దాని తల మోస్తుంది.
భుజం నొప్పి మణికట్టుకి బదిలీ, అంతే.
ఎంత బరువని కాదమ్మా,
ఆ బరువు ఎక్కడ కూర్చుందో చూడు.
నీ అక్క కూతురే ఉంది కదా,
నిద్రపోతూ ఒక బరువు,
చంక దిగుతానని గింజుకుంటూ ఇంకో బరువు.

కరెంటున్న గంటల్లో పని.
వీపు తెరిచి లోపల నాలుగు గదులు తొలిచాను.
మెడ కొసన ఇనుప మరలు పీకి
తేలికవి బిగించాను.
అరచేయంత వెడల్పు పట్టీ, లోపలివైపు మేకతోలు.
నల్లటి పొట్టు మోకాలెత్తు పేరుకుంది.
రెండు రాత్రులు తుమ్ములే.
మళ్లీ పిండి తక్కెడ.
నాలుగు కిలోల వంద.
ఆ వంద ఇక నావల్ల కాలేదు.
"ఉండనీ," అంది కపింగా,
"అది మకియేసేది."

శనివారం చూడ్డానికి వెళ్లాను.
గదులు తొలిచినందుకేమో
కింది తీగ గొంతు కాస్త బొంగురుపోయింది.
నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకి తెలుసు.
భుజం మాత్రం పాత అలవాటునే
కుడికి ఒరిగి ఉంది,
లేని కిలోకి ఎదురు తూగుతూ.
"నిటారుగా నిలబడు!" అని అరిచాను.
నా అరుపు నాకే వినపడలేదు.
నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని
ఎత్తి స్టేజీ అంచున పెట్టాను.
చూసింది. తల అడ్డంగా ఊపింది.
సెబెన్ అందుకున్నారు.

గోడకి చేరబడి నిలబడ్డాను.
బొటనవేల్లో విరిగి ఉండిపోయిన పేడు
ఆమె వేసే ప్రతి దెబ్బకీ
సలుపుతోంది, తాళం తప్పకుండా.