బైపాస్ వాల్వు

జడ్చర్ల దాటినంక, పత్తిచేన్ల ఎనుక
మా రియాక్టర్ల షెడ్డు.
రాత్రి షిఫ్టుల నా డ్యూటీ
గాలిని కాల్చుడు.

మంట కానరాదు.
మూడువందల ఇరవై డిగ్రీల పెట్టె,
లోపల పింగాణీ తేనెపట్టు,
దాని గదిగదికీ
గడపకు రాసిన పసుపంత పల్చగ ప్లాటినం.
టొలీన్ వస్తది, అసిటేట్ వస్తది,
పాలు తెగని దాయాదుల లెక్క
ఆక్సిజన్‌కు ఎదురుగ నిలబడ్తయి.
ప్లాటినం పెద్దమనిషి.
అందర్ని కూసోబెట్టి, ఒక మాటకు తెచ్చి,
చాయ సుక్క ముట్టకుండ
మళ్ల తన జాగల తాను.
అవతలికి పోయేది
నీటి ఆవిరి, ఇంత బొగ్గుగాలి.

పట్నం నుంచి వచ్చిన ఇంజినీరు సారు
బోర్డు మీద గీసి చెప్పిండు గిదంత.
చెప్పనిది ఒకటే,
పక్కన ఉన్న ఎర్రరంగు చక్రం.
తిప్పితే గాలి పెట్టెలకు పోదు,
సక్కగ చిమ్నీకే.
"డీజిల్ ఎంత గుంజుతున్నదో చూసినవా కుర్మయ్యా"
అంటడు షిఫ్టు ఇంచార్జి.
తిప్పుమని మాత్రం నోటితో అనడు.

పదకొండేండ్ల కింద
పనిల చేరిన కొత్తల
అసిటేట్ వాసన తియ్యగుండె,
బాలానగర్ సంతల
సీతాఫలాల గంప విప్పినట్టు.
ఇష్టంగ పీల్చిన.
ఇప్పుడు గంపలనే ముక్కు పెట్టినా
చేతికి మెత్తగ తగుల్తది, నాలికెకు తీపి,
నడుమ ఏదో ఒకటి లేదు.

ప్లాటినానికి కూడ విషమెక్కుతదట,
గంధకం తగిలితే.
అప్పుడు పింగాణీ విప్పుతరు, మారుస్తరు,
ఆ ఖర్చుకు ఫైలు కదుల్తది.
నా ముక్కుకు ఫైలు లేదు.

మా ఇంట్ల ముక్కు మణెమ్మదే.
తెల్లారి నా అంగి నీళ్లల్ల వేసేముందు
ఒకసారి మొకానికి ఆనించుకుంటది.
"రాత్రి మిషిని నడిచింది" అంటది ఒకోనాడు.
ఇంకోనాడు ఏమనదు,
పిండి, వేరే తీగ మీద ఆరేస్తది,
పిల్లల బట్టలకు దూరం.

మొన్న తనిఖీ.
ఆఫీసర్లు రికార్డు చూసిండ్రు:
గంట గంటకు మూడువందల ఇరవై,
నా చేతిరాతే, ఒక్క కొట్టివేత లేదు.
సంతకాలు పెట్టి, చాయ తాగి పోయిండ్రు.

ఆ రాత్రి చక్రం మీద చెయ్యి వేసిన.
ఇంచార్జి ఫోన్ల మొకం పెట్టిండు.
ఇనుము చల్లగున్నది.
తిప్పలేదు.
ధైర్యం గీర్యం కాదు,
అంగి యాదికొచ్చింది.

పొద్దుగాల చిమ్నీ అడుగున పైపుకు
ఒక సుక్క వేలాడుతున్నది.
రాత్రి దాని పేరు టొలీన్.
అరచేతిల పట్టిన.
వాసన ఉన్నదో లేదో
ఇంటికి పోయి అడగాలె.