మడుగు దగ్గర

మర్రిగూడ హైస్కూల్లో ప్రహరీ కూలిన వారం,
ఎనిమిదో తరగతికి టికాల్ నగరం చెబుతున్నాను.
పటం పాతది. మడతల దగ్గర అడవి తెల్లబడింది.
చెట్ల మీదికి తలలెత్తిన గుళ్లను చూసి
సెల్ టవర్లు సార్ అన్నారు పిల్లలు.

కిటికీ అవతల తాపీ చప్పుడు ఆగింది.
ఆలకుంట్ల బక్కయ్య.
మెడ తిరగదు గనక
మనిషంతా తిరిగి చూశాడు.
"గా గోడలెవరు పెట్టిన్రు సారూ?"

మాయా జనం.
"మయసభ కట్టిన మయుడా?"
కాదు, వీళ్లు వేరే. సముద్రాల అవతలి వాళ్లు.
"ఎడ్లున్నయా?"
లేవు.
"బండి?"
బరువు మోసే చక్రమే లేదు.
"ఉలి, సమ్మెట?"
ఇనుము లేదు బక్కయ్యా, రాయితోనే రాయిని కొట్టారు.
చాలాసేపు తన అరచేయి చూసుకున్నాడు.
"మరి కూలెంతనో?"

పుస్తకంలో రాజుల పేర్లున్నాయి,
పట్టాభిషేకాల తేదీలున్నాయి.
పేజీ తిప్పినట్టు నటించాను.

దూలం లేకుండా కప్పు ఎలా నిలిచిందో
బోర్డు మీద గీయబోతే, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.
పిల్లల నోటుబుక్కులు అడిగి
అటు ఒక దొంతి, ఇటు ఒక దొంతి,
ఒక్కో వరుసను రెండేళ్లు ముందుకు జరుపుకుంటూ
గాలిలో రెండు గోడల్నీ దగ్గరికి తెచ్చాడు.
"ఎనక బరువు పెట్టాలె. లేకుంటే ముందుకు తూలుతది.
గందుకే గోడ లావు, అర్ర సన్నం."
మీద ముడావత్ దేవ్లీ లెక్కల పుస్తకం.
నిలిచింది.

ఆ ఊరికి ఏరు లేదు, చెప్పాను.
వాకిళ్లన్నిటికీ సున్నం పూసి, వాలు పెట్టి
వానను చెరువుల్లోకి నడిపించారు.
టికాల్ అంటేనే మడుగు దగ్గర అని అర్థమట.
"మరి ఎందుకిడిచిపోయిన్రు?"
కరువన్నాను. యుద్ధాలన్నాను.
రాజుగారి మేడ పక్క చెరువు అడుగున
బురద తీసి పరీక్షిస్తే పాదరసం దొరికిందన్నాను.
గోడలకు పూసిన ఎర్రరంగులోది,
వానకు కరిగి, తాగే నీళ్లలోకి.

వెనక బెంచీలు కూడా మెదల్లేదు.
బక్కయ్య నవ్వాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు.
"ఈ చుట్టుపట్ల పద్దెనిమిది బావులు తవ్విన సారూ.
మా నాయిన తవ్వినయి ఎక్క లేదు.
రాయి పగిలి ఊట చిమ్మితే
కండ్లకద్దుకొని మొదటి దోసిలి నేనే తాగేది.
తియ్యగ ఉండె."
మోకాళ్ల మీద చేతులూని కాసేపు ఆగాడు.
"విషమైతే చేదుండాలె గదా."

ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లొస్తున్నాయి.
ఎముకలకు ఆ సంగతి ఇంకా తెలియదు.

గంట కొట్టారు.
ఆయన మళ్లీ మాలు కలిపి
ప్రహరీ అడుగున జానెడు జానెడు సందులు వదిలాడు,
వాన పోవడానికి. నేను చెప్పలేదు,
ఎస్టిమేట్‌లో లేదు.

మర్నాడు దేవ్లీ హోంవర్కు తేలేదు.
పుస్తకం ఏదమ్మా అంటే
బల్ల వైపు చూపించింది.
తీస్తే కప్పు కూలుతుంది సార్.