చదివింపులు

నెలకు నాలుగు వేల పదహారు.
ఆ పదహారు చూస్తే నాకు నవ్వొస్తది.
పెండ్లిల మైకు పట్టుకొని చదివించినట్టు
సర్కారు నా కాలికి కట్నం పెట్టింది.

గాంధీ ఆస్పత్రిల సదరం క్యాంపు నాడు
డాక్టరు నా మోకాలును రెండు వేళ్లతో లేపి
సోరకాయ లెక్క వదిలిండు.
యాభై రెండు, అన్నడు.
మిగిలిన నలభై ఎనిమిది ఏం చేసుకోవాల్నో
ఆ కాయిదంల ఎక్కడా లేదు.

ఆ నలభై ఎనిమిదిని తీస్కపోయి
చిలకలగూడ చౌరస్తాల
ఖాజా భాయ్ జిరాక్సు దుకాణంల పెట్టిన.
పది నుంచి రెండు దాకా.
ఎత్తు స్టూలు, కాలు ఆనించుకునే ఇటుక,
నెలకు ఐదు వేలు, చేతికి చేతికే.
"పూరా దినం చెయ్యమ్మా, తొమ్మిదిస్త" అంటడు భాయ్.
రెండు దాటినంక నా నడుము నా మాట ఇనదు,
ఆయనకు చెప్తే ఏమర్థమైతది.
తొమ్మిది చేతుల పెట్టి
ఆ నాలుగు వేలు గుంజుకుంటే
ఇటుక మళ్ల ఇంటికి మోసుకపోవుడే.

ఫారంల ఒక డబ్బా ఉంటది: వృత్తి.
ఏమీ లేదు, అని రాసిన.
అప్పుడది నిజమే.
ఇప్పుడు పక్కోళ్ల ఫారాల మీద ఆ డబ్బా కనపడితే
ఆదివారం ప్రార్థనల కండ్లు మూసుకున్నట్టు
మూత జల్ది మూస్త.

అడుగుదామని వార్డు ఆఫీసుకు పోయిన.
ఎంత పని చేస్తే పోతది, ఎంత చేస్తే ఉంటది అని.
ఒకామె పోదన్నది. ఒకాయన పోతదన్నడు.
ఇంకొకాయన చాయ్ తాగి,
"ఎందుకడుగుతున్నవ్, నువ్వేమన్న చేస్తున్నవా?" అన్నడు.
మా అక్క కోసం సారూ, అన్న.
నాకు అక్క లేదు.

రోజంత మందివి కాపీలు తీస్త.
ఆధారు ముందు, ఆధారు ఎనుక,
పెనిమిటి సచ్చిపోయిన కాయిదం, బ్యాంకు బుక్కు మొదటి పేజి.
పచ్చ వెలుగు ఇటు నుంచి అటు పోతది.
అందరు కాపీలు లెక్కపెట్టుకొని పోతరు,
ఒరిజినల్ అద్దం మీదనే మర్చిపోతరు.

మొన్న మంగళారం ఒక సారొచ్చిండు.
మెడల ట్యాగు, చంకల హెల్మెట్.
ఆరు కాపీలు, జల్ది.
మూత దించబోతుంటే కనపడ్డది:
మళ్ల తనిఖీ చేయవలసినవారు.
పదకొండో నంబరు. బందెల సువార్త, అడ్డగుట్ట.
పక్కన పెన్నుతో, పని చేస్తున్నట్టు సమాచారం.

ఎవరు చెప్పిండ్రో.
పొద్దుగాల నల్లా కాడ
నా టిఫిను డబ్బా చూసినోళ్లు ఎవరో.

ఆరు సార్లు పోయింది నా పేరు మీది నుంచి వెలుగు.
ఆరు సార్లు ఎచ్చగ బయటికొచ్చిన.
ఆయన ఫోను చూపిచ్చిండు,
గోడకున్న డబ్బా గట్టిగ చదివింది
పన్నెండు రూపాయలు ముట్టినయని,
బజారంత ఇనేటట్టు.

పోయినంక మూత లేపితే
ఒరిజినల్ అట్లనే ఉన్నది.

చింపొచ్చు. ఆరు కాపీలు ఆయన కాడుండంగ
చింపి చేసేదేమున్నది.
అయినా ఒక్క మూల చిన్నగ మడతపెట్టి చూసిన,
మళ్ల సాపు చేసిన.
కాలిపర్ తాళం బిగించుకొని లేచిన.
ఒక మెట్టు. ఇంకో మెట్టు. మోరి మీద బండ.
సార్, అన్న.

బండి చాలు చేసినోడు ఆపిండు.
పది అడుగులు నడిచేదాక చూసిండు,
డాక్టరు కన్న ఎక్కువసేపు.
కాయిదం తీసుకొని, "థ్యాంక్సమ్మా, పేరేంది?" అన్నడు.

పదకొండో నంబరు మీద ఏలు పెట్టిన.
"నాలుగు గంటలే సార్.
అది సుత రాసుకోండ్రి."

ఆయన జేబులు తడుముకున్నడు.
నా చెవి మీది పెన్ను తీసిచ్చిన.
"వాపసియ్యాలె," అన్న. "దుకాణందది."