రాయి వంతు

ఫిబ్రవరి ఐదు. గ్రెనడాలో, గ్వావ్ అనే మా చేపల ఊళ్లో
వీధి వీధంతా గొంతుక్కూర్చుంది.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
రోడ్డంచు రాళ్లకి, వంతెన గోడకి, కరెంటు స్తంభాలకి,
అడ్డం నిలబడితే మనిషికి కూడా.
ఇగ్నేషియస్ కుక్క తోకకి అప్పుడే ఆకుపచ్చ అంటింది.
ఊపుకుంటూ గుమ్మం గుమ్మానికీ పోయి
స్వాతంత్ర్యం పంచి వస్తోంది.

మా ఇంటి ముందు రాయి అమ్మమ్మది.
ఏడాదికొక రంగు, వరస తప్పదు.
ఈసారి ఎరుపు వంతు.
మోకాళ్లు వంగవు గనక కుర్చీ వేయించుకుని,
కుంచెని చీపురుకర్రకి కట్టించుకుంది వెర్లిన్ అమ్మమ్మ.

రాతి మూల పెచ్చు లేచి ఉంటే గోటితో గీకాను.
ఆకుపచ్చ కింద పసుపు, దాని కింద ఎరుపు,
మళ్లీ ఆకుపచ్చ, మళ్లీ పసుపు...
లోపలికి పోగా పోగా ఒక్కచోట
ఆకుపచ్చ కింద నేరుగా ఎరుపు.

"అమ్మమ్మా, ఒక ఏడు ఎగ్గొట్టావు."

"ఎగ్గొట్టానా?
తుఫాను ఇంటికప్పు ఎత్తుకుపోయిన సెప్టెంబరు తర్వాత
వచ్చిన ఫిబ్రవరి అది.
కొండ మీద జాజికాయ చెట్లు
వేళ్లు ఆకాశానికి చూపిస్తూ పడున్నాయి.
వాటిని నాటిన చేతుల్ని మీ తాత
జేబుల్లోంచి బయటికి తీసేవాడు కాదు.
దుకాణంలో మేకులకే దిక్కు లేదు, రంగెక్కడిది?
రాయి వంతేమో పసుపు.
ఆయిల్‌డౌన్‌లోకని దాచిన కొమ్ములు నాలుగుంటే
నూరి, ఆ ముద్దే పూశాను.
కుండలో సీమపనస ఆ పండక్కి తెల్లగానే ఉడికింది.
తిన్నవాళ్లెవరూ అడగలేదు."

"మరి ఆ పసుపేది?"

"వారానికే వాన కడిగేసింది.
కనపడకపోతే లేనట్టేనా?
మొదటి జెండానీ నేను చూడలేదు.
ఆ రాత్రి కరెంటు లేదు, ఊరంతా సమ్మె.
నాన్న భుజాల మీద కూర్చుని
చీకట్లో గుడ్డ టపటపలాడ్డం విన్నాను, అంతే."

నేను ఎరుపు వేస్తూ వేస్తూ
ఆ పెచ్చూడిన చోట మాత్రం, వేలెడంత, వదిలేశాను.
ఆవిడ చూసింది.
చీపురుకర్ర చాపి ఒక్క దెబ్బతో కప్పేసింది.
"ఎల్లుండి పండగ పెట్టుకుని
బోసి మచ్చేంట్రా రాతికి!"

తలెత్తి చూసేసరికి కుక్క వచ్చి
తడి ఎరుపు మీద తీరిగ్గా కూర్చునుంది.
ఇంక దానికి పసుపొక్కటే బాకీ.