గాలి లెక్క

పొద్దున్న ఎనిమిదిన్నరకి
మందస ఆఫీసు వెనక వానగేజీ మూత తీస్తాను.
నీళ్లు గాజు గొట్టంలోకి వొంపి
కంటి ఎత్తుకి పట్టుకుని చదువుతాను:
పన్నెండు పాయింటు నాలుగు.
రిజిస్టర్లో రాసి, సవర సుక్కాయి అని సంతకం పెడతాను.

మా అయ్య సోంబరుకి
సంతకం రాదు. వాన వొచ్చు.

మొలలో గుడ్డమూట, అందులో పొయ్యి బూడిద.
మహేంద్రగిరి నెత్తిన ఇంకా వెలుగు పడకముందే
చిటికెడు తీసి వేళ్ల సందులోంచి రాల్చేవాడు.
కొండవైపు పోయిందా, కూర్చుండిపోయేవాడు.
మొహాన పడితేనే నడక.
'మన కంపు మనకంటే ముందు ఎల్లకూడదే' అనేవాడు
బూడిద కళ్లు నులుముకుంటూ.

ముసురు పట్టిన రోజు
ఆకు ఆకు మీదా చినుకు మాట్లాడతా ఉంటే
దుప్పికి చెవులు పనిచెయ్యవంట.
అందుకే తుప్పలొదిలి పోడు నడిమధ్యకొచ్చి
కళ్లని కాపలా పెట్టుకుంటాదంట.
వాన వెలిసిన గంటలో
కొండగొర్రె ఒళ్లు దులుపుకుని మేతకొస్తాది.
తడిసిన ఆకు అడుగు చప్పుడు మింగేస్తాది.
అదే వేసవిలోనైతే
టేకాకు మీద కాలు పెడితే చాలు
కొండంతా అప్పడంలా విరుగుతాది.
కణితి గెడ్డ బురదలో మునిగి
పొద్దుగూకేదాకా లేవదు.
నిండు వెన్నెల మర్నాడు విల్లు దించనే కూడదు,
రాత్రంతా మేసినోళ్లు పగలు మనకోసం లేస్తారా?

ఇన్ని తెలిసీ
పదిసార్లెళ్తే తొమ్మిదిసార్లు
అడ్డాకుల కట్టతో వొచ్చేవాడు.
అమ్మ చోడి అంబలి గిన్నె ముందుకు తోసి
ఏమీ అడిగేది కాదు.

తిత్లీకి ముందు రోజు.
ఆకాశం తోమని ఇత్తడి చెంబులా ఉంది.
మిట్టమధ్యాహ్నం, చెరువుగట్టు దిగువ
పదకొండు దుప్పులు.
మేస్తున్నాయి. తల ఎత్తలేదు ఒక్కటీ.
అయ్య బూడిద మూట విప్పనే లేదు.
గాలి వీపు మీదే ఉంది, ఆయన కంపు ఆయనకంటే ముందే వెళ్లింది.
అయినా మేస్తున్నాయి.
ఒకే బాణం.

ఊరికి తెచ్చి ఇరవై రెండు వాటాలు వేశారు.
డప్పు తీసిన కుర్రోళ్లని అయ్య ఆపేశాడు.
'నేను గెలవలేదురా. అవి నాకు బయపడ్డం మర్చిపోనాయి.
నాకంటే పెద్దదేదో వొస్తంది.
ఇళ్లకి తాళ్లు కట్టండి, బేగి.'
కింద ఊళ్లలో మైకు ఆటో తిరిగేసరికి
మా కప్పులన్నీ బండరాళ్లకి ముడులేసి ఉన్నాయి.

నాలుగు రోజులు దారి లేదు, కరెంటు లేదు.
పొగమీద ఎండిన ఆ మాంసమే
పిల్లలకి పీలికలు పీలికలుగా.
నేనూ తిన్నాను. రుచి గుర్తులేదు,
పళ్లలో ఇరుక్కున్న నారే గుర్తు.

తర్వాత కొండకి వెళ్తే
పనస లేదు, జీడిమామిడి వేళ్లు ఆకాశం వైపు.
గాలికి మలుపులే లేవు.
అయ్య బూడిద రాల్చాడు.
అది ఎటూ పోక ఆయన చుట్టూ తిరిగి
కాళ్ల మీదే పడింది.
ఫారెస్టోళ్లు వొచ్చి విల్లు అడిగినప్పుడు
బేరం ఆడకుండా ఇచ్చేశాడు.

ఇప్పుడు నన్నడుగుతాడు, రాత్రి ఫోన్లో:
'ఎంత కురిసింది?'
చెప్తాను.
'ఆ గొట్టంలో దుప్పి ఎక్కడుందో కనబడతాదా?'
నవ్వుతాడు, దగ్గుతాడు, పెట్టేస్తాడు.

ఈవేళ గొట్టంలో సున్నా.
మబ్బు లేదు. ఆకు కదల్లేదు.
రాయబోతూ చూశాను,
ఆఫీసు కంచెకి ఆనుకుని, పట్టపగలు,
ఒక కొండగొర్రె.
రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.
నా చేతిలో మూత జారి రాయి మీద మోగింది.
అది మేస్తూనే ఉంది.

రిమార్కుల గడిలో ఏం రాయాలో తోచక
అయ్యకి ఫోన్ చేశాను.
అంతా విని ఒక్కటే అడిగాడు:
'తల ఎత్తిందా?'
ఎత్తలేదు అన్నాను.

అవతల ఊపిరి వినబడింది కాసేపు.
'మీ ఇంట్లో తాడుందా, సుక్కాయీ?'